డాన్యూబ్ తీరం నుంచి వోరిస్‌హోఫెన్ వరకు

దూరపు పరుగును ఏళ్ల తరబడి సాధన చేసినవారిలో కొందరు ఒక దశ దాటిన తర్వాత ప్రకృతి చికిత్స వైపు మళ్లడం అనేక దేశాల్లో కనిపించే విషయమే. నీరు, ఎండ, మట్టి, ఆహారం, ఉపవాసం, వ్యాయామం, విశ్రాంతి వంటి సాధనాలతో శరీరంలో సహజంగా ఉన్న కోలుకునే శక్తికి ఊతమిచ్చే పద్ధతిని ప్రకృతి చికిత్స అంటారు. గంటల తరబడి పరుగెత్తే మనిషికి ఏ ఆహారం దమ్మునిస్తుందో, ఏ రాత్రి నిద్ర చాలలేదో, ఎండ ఎప్పుడు బలం తీస్తుందో, చన్నీళ్లు ఎప్పుడు హాయినిస్తాయో మరెవరూ చెప్పనక్కరలేదు. అవన్నీ అతడు తన ఒంటి మీదే నేర్చుకుంటాడు. ఇలా సొంత శరీరం నుంచి సంపాదించిన జ్ఞానం ఆ శరీరానికే పరిమితమా, లేక మరొకరి రోగానికి కూడా పనికివస్తుందా అన్నది ఈ దారిలో నడిచే ప్రతివారికీ ఎదురయ్యే ప్రశ్న. ఆ ప్రశ్నకు దొరికిన పాత సమాధానాల్లో ఒకటి దక్షిణ జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో, డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న డిల్లింగెన్ పట్టణం నుంచి ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన ఉన్న బాడ్ వోరిస్‌హోఫెన్ వరకు సాగే ప్రయాణంలో కళ్లకు కడుతుంది.

ఆ సమాధానం సెబాస్టియన్ క్నైప్ అనే కాథలిక్ మతాచార్యునిది. నీటి చికిత్సకు ఐరోపా అంతటా పేరు తెచ్చిన ఈ వ్యక్తి పందేల్లో పరుగెత్తినవాడు కాడు. ఆయన యవ్వనం నాటికి మారథాన్ అనే పోటీయే పుట్టలేదు. అయినా ఆయన చికిత్సా విధానానికి మొదటి అడుగు చలికాలంలో నది వైపు తీసిన పరుగే కావడం వల్ల, ఓర్పును పెంచుకున్న శరీరం వైద్యానికి ఎలా దారి తీస్తుందో, ఎక్కడ ఆ దారిలో జాగ్రత్త అవసరమవుతుందో తెలుసుకోవడానికి ఆయన జీవితం కంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

ఈ యాత్రలో వయసు క్రమంలో మొదట రావలసిన చోటు స్టెఫాన్స్‌రీడ్ అనే పల్లె. ఓట్టోబాయ్రెన్‌లో 18వ శతాబ్దంలో కట్టిన పెద్ద బెనెడిక్టైన్ మఠం, దాని జంట గోపురాల చర్చి చూడడానికి వచ్చే యాత్రికులు చాలామందే ఉంటారు గాని, ఆ చుట్టుపక్కల పచ్చిక మిట్టల మధ్య ఉన్న ఈ చిన్న పల్లె వరకు వెళ్లేవారు తక్కువ. ఇక్కడ 1821 మే 17న ఒక పేద నేతగాని ఇంట క్నైప్ పుట్టాడు. నూలు తెగకుండా ఉండడానికి ఆ కాలపు నేతగాళ్లు మగ్గాలను చెమ్మగా ఉండే నేలమాళిగల్లో పెట్టుకునేవారు. వెలుతురు లేని ఆ గదిలో చిన్నతనం నుంచే మగ్గం మీద కూర్చున్న పిల్లవాడు, మతాచార్యుడు కావాలన్న కోరికతో కూడబెట్టుకున్న కాస్త డబ్బూ ఇల్లు తగలబడినప్పుడు పోగొట్టుకున్నాడు. ఇరవై ఏళ్లు దాటాక మతియాస్ మెర్క్‌లే అనే మతాచార్యుడు దగ్గరకు తీసి లాటిన్ నేర్పితేనే అతని చదువు మొదలైంది. చెమ్మ, అరకొర తిండి, ఆలస్యంగా మొదలైన చదువు కోసం రాత్రింబవళ్లు పడిన శ్రమ కలిసి అతని ఊపిరితిత్తులను దెబ్బతీశాయి. వైద్యులు దాన్ని క్షయ అన్నారు.

అక్కడి నుంచి ఉత్తరానికి వెళితే డాన్యూబ్ ఎడమ ఒడ్డున డిల్లింగెన్ వస్తుంది. 16వ శతాబ్దంలో స్థాపించిన ఇక్కడి విశ్వవిద్యాలయం 19వ శతాబ్దం మొదట్లో మూతపడినా, మత విద్య చెప్పే ఉన్నత పాఠశాల దాని స్థానంలో కొనసాగింది. క్నైప్ 1848లో ఆ పాఠశాల విద్యార్థి అయ్యాడు. పాత ఊరి వీధులు దాటి దక్షిణంగా వెళితే నది ఒడ్డు వస్తుంది. నేటి డాన్యూబ్ జలవిద్యుత్ కేంద్రాల ఆనకట్టల మధ్య నెమ్మదించిన నది. చలికాలం ఉదయాల్లో నీటి మీద పొగమంచు దట్టంగా కమ్ముకొని అవతలి ఒడ్డు చెట్లు కూడా ఆనవు. క్షయ రోగి ఇలాంటి నీటిలో దిగాలనుకోవడం ఏ కాలంలోనైనా సాహసమే.

ఆ సాహసానికి ఒక పుస్తకం కారణం. సైలీషియా ప్రాంతపు వైద్యుడు యోహాన్ సీగ్‌మండ్ హాన్ చన్నీటి శక్తి గురించి 18వ శతాబ్దంలో రాసిన గ్రంథం 1849లో క్నైప్ చేతికి చిక్కింది. వైద్యులు చేయగలిగినదంతా చేసి చేతులెత్తేసిన దశలో ఉన్న ఆ విద్యార్థి, ఆ ఏడాది చలికాలంలో వారానికి కొన్నిసార్లు డాన్యూబ్‌కు వెళ్లడం మొదలుపెట్టాడు. ఒళ్లు వేడెక్కేలా నది వరకు పరుగెత్తి, కొన్ని క్షణాలు మాత్రమే నీటిలో మునిగి, ఒళ్లు తుడుచుకోకుండానే బట్టలు వేసుకొని, మళ్లీ పరుగున గదికి చేరడం అతని పద్ధతి అని జీవిత చరిత్రకారులు చెప్పారు. క్రమంగా బలం పుంజుకొని, చదువు పూర్తిచేసి, 1852లో అతడు గురుపట్టం పొందాడు.

ఈ పద్ధతిలో చన్నీటికి ఎంత చోటు ఉందో పరుగుకూ అంతే చోటు ఉందన్న సంగతిని నీటి చికిత్సను పొగిడేవారు చాలాసార్లు మరచిపోతారు. పరుగెత్తేటప్పుడు కండరాలు ఖర్చు చేసే శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే కదలికగా మారుతుంది. మిగిలినదంతా వేడిగా బయటపడుతుంది. ఆ వేడిని వదిలించుకోవడానికి చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుంటాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది, చెమట పడుతుంది. అలా లోపల వేడి నిండుగా ఉన్న శరీరానికి క్షణకాలం చలి తగిలితే విచ్చుకున్న రక్తనాళాలు ఒక్కసారిగా ముడుచుకొని, నీటి నుంచి బయటికి రాగానే మళ్లీ విచ్చుకుంటాయి. తిరుగు పరుగు ఆ వేడిని నిలబెడుతుంది. లోపల వేడి లేని శరీరాన్ని అదే నీటిలో ఎక్కువసేపు ఉంచితే వణుకు, ఊపిరి పట్టు తప్పడం, గుండె లయ చెదరడం వంటి ప్రమాదాలు ముంచుకొస్తాయి. డాన్యూబ్ ఒడ్డున క్నైప్‌ను కాపాడినవి మునకకు ముందు పరుగు, మునక తర్వాత పరుగు, మధ్యలో మునక చాలా కొద్దిసేపే ఉండడం. తర్వాత ఆయన రాసిన నియమాలన్నిటికీ ఈ మూడే మూలం: చల్లబడిన ఒంటి మీద చన్నీళ్లు పోయకూడదు, పోసినా కొద్దిసేపే పోయాలి, పోసిన వెంటనే కదలికతో ఒళ్లు వేడెక్కించుకోవాలి.

అయితే క్నైప్ కోలుకోవడాన్ని చన్నీళ్లకు క్షయను తగ్గించే గుణం ఉందనడానికి రుజువుగా తీసుకోకూడదు. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోఖ్ 1882లోనే గుర్తించాడు. దాన్ని చంపే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని దొరకలేదు. ఆ మందులు లేని కాలంలో కూడా క్షయ సోకినవారిలో కొందరు తమ రోగనిరోధక శక్తితోనే బతికి బయటపడేవారు. క్నైప్ వారిలో ఒకడై ఉండవచ్చు, ఆయనకున్న జబ్బు నిర్ధారణలోనే లోపం ఉండవచ్చు, వ్యాయామం, స్వచ్ఛమైన గాలి ఆయన బలానికి తోడై ఉండవచ్చు. ఒక మనిషి బాగుపడడం ఒక సిద్ధాంతాన్ని నిరూపించదన్న మాట ఈ యాత్ర పొడుగునా గుర్తుంచుకోవలసినది.

తనకు మేలు చేసినదాన్ని ఇతరులకు పంచాలన్న తహతహ మ్యూనిక్‌లో జార్జియానమ్ గురువిద్యాలయంలో చదువుతుండగానే మొదలైంది. రోగిష్ఠి అయిన తోటి విద్యార్థి మీద రాత్రివేళ ఎవరికీ తెలియకుండా తోటమాలి నీళ్ల డబ్బాతో నీళ్లు పోసి చికిత్స చేశాడని చెబుతారు. గురువుగా పల్లెలకు వెళ్లాక ఆ పని బాహాటమైంది. మెమ్మింగెన్‌కు ఉత్తరాన ఉన్న బోస్ అనే ఊళ్లో 1854లో కలరా వ్యాపించినప్పుడు సహాయక గురువుగా ఉన్న ఆయన రోగులకు వేడి తడిగుడ్డలు చుట్టి సపర్యలు చేసి ‘కలరా గురువు’ అని పేరు తెచ్చుకున్నాడు. వైద్య పట్టా లేకుండా చికిత్స చేస్తున్నాడని స్థానిక వైద్యులు, మందుల వ్యాపారులు ఆయన మీద ఫిర్యాదులు చేశారు. ఆ ఫిర్యాదుల్లో వృత్తి లాభం గురించిన బెంగ ఎంత ఉన్నా, శిక్షణ లేని చేతులు రోగులకు హాని చేయవచ్చన్న న్యాయమైన ఆందోళన కూడా ఉంది.

యాత్రలో చివరి మజిలీ బాడ్ వోరిస్‌హోఫెన్. మ్యూనిక్ నుంచి పడమరగా వచ్చే రైలు మార్గంలో ట్యూర్క్‌హైమ్ దగ్గర చీలే చిన్న శాఖా మార్గం ఈ ఊరికి తీసుకువస్తుంది. 1855లో డొమినికన్ కన్యస్త్రీల మఠానికి పాపసంకీర్తన గురువుగా క్నైప్ వచ్చే నాటికి ఇది సాధారణమైన రైతుల ఊరు. ఆయన మఠపు పొలాలను, పశువులను బాగుచేశాడు, తేనెటీగల పెంపకం మీద పుస్తకం రాశాడు, మఠపు బట్టలుతికే గదిలోనే రోగులకు నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. 1881లో ఆ ఊరి విచారణ గురువు, అంటే స్థానిక చర్చి పరిధికంతటికీ బాధ్యుడైన మతాచార్యుడు అయ్యాడు. 1886లో ఆయన నీటి చికిత్సా గ్రంథం వెలువడిన తర్వాత జనం ఈ ఊరికి వేలల్లో వచ్చారు. 1891లో సెబాస్టియానేయుం అనే చికిత్సాలయం, ఆ తర్వాత పిల్లల కోసం మరొకటి వెలిశాయి. 1894లో ఆయన రోముకు వెళ్లి 13వ లియో పోపుకు కూడా చికిత్స చేశాడు. స్వస్థతా కేంద్రంగా గుర్తింపు పొందిన ఊళ్ల పేర్లకు ముందు జర్మనీలో చేర్చే ‘బాడ్’ అనే మాట ఈ ఊరికి 1920లో దక్కింది.

వోరిస్‌హోఫెన్‌లో యాత్రికుని దృష్టి నిలవవలసినది ఈ కీర్తి మీద కాదు, చికిత్సలో వచ్చిన మార్పు మీద. దశాబ్దాల అనుభవం గడిచేకొద్దీ తన పద్ధతిని కాఠిన్యం నుంచి మృదుత్వానికి, మృదుత్వం నుంచి మరింత మృదుత్వానికి పలుమార్లు సడలించుకున్నానని క్నైప్ తన గ్రంథంలో ఒప్పుకున్నాడు. ఆయన కంటే ముందే సైలీషియాలోని గ్రేఫెన్‌బర్గ్‌లో రైతుబిడ్డ విన్సెన్స్ ప్రీస్‌నిట్స్ నీటి చికిత్సకు పేరు తెచ్చాడు గాని, ఆ చికిత్స సుకుమారులు తట్టుకోలేనంత మోటుది. క్నైప్ పూర్తి మునకల బదులు ఒక మోకాలికో, ఒక చేతికో, పాదాలకో పరిమితమైన చిన్న చిన్న ప్రయోగాలను రూపొందించాడు. అవి నేడు వందకు మించి ఉన్నాయి. డాన్యూబ్‌లో తాను తట్టుకున్నదాన్ని అందరూ తట్టుకోవాలని ఆయన పట్టుబట్టి ఉంటే ఆ పేరు ఎన్నాళ్లో నిలిచేది కాదు. ఓర్పును సాధన చేసినవాడు వైద్యుడు కావాలంటే తన దమ్మును కొలబద్దగా వాడడం మానుకోవాలి. రోగి తట్టుకోలేనిది ఏమిటో కనిపెట్టడం నేర్చుకోవాలి. పరుగుకూ చికిత్సకూ మధ్య ఉన్న అసలు దూరం ఇదే.

ఆ మృదుత్వం ఎలా ఉంటుందో ఊరి ఉద్యానవనంలోని నీటి నడక తొట్టెల దగ్గర చూడవచ్చు. నేలలోకి దిగినట్లు కట్టిన రాతి తొట్టెలో మోకాలికి కాస్త కిందివరకు చన్నీళ్లు ఉంటాయి. పట్టుకోవడానికి కమ్మీ ఉంటుంది. ప్యాంట్లు పైకి మడుచుకున్న పెద్దవాళ్లు కమ్మీ పట్టుకొని, కొంగ నడిచినట్లు ప్రతి అడుగులోనూ పాదాన్ని పూర్తిగా నీటి పైకి ఎత్తి, వేళ్లను కిందికి వంచి మళ్లీ నీటిలో మోపుతూ చుట్టూ తిరుగుతారు. పాదం గాలిలో ఉన్న క్షణం చలి నుంచి విరామం. నీటిలో దిగిన క్షణం మళ్లీ చురుకు. పిక్కల్లో చలి నొప్పిగా మారగానే, అది అర నిమిషానికి మారినా సరే, బయటికి రావాలన్నది నియమం. బయటికి వచ్చినవారు కాళ్లను తువ్వాలుతో తుడవరు. నీటిని అరచేత్తో కిందికి జార్చి, ఉన్ని మేజోళ్లు తొడుక్కొని, పాదాలు వెచ్చబడే దాకా గబగబా నడుస్తారు. చికిత్సాలయాల్లో చేసే మోకాలి ధార మరింత సున్నితమైనది: ఒత్తిడి లేకుండా గొట్టం నుంచి జారే నీటిని గుండెకు దూరంగా ఉండే కుడి పాదపు చిటికెన వేలి దగ్గర మొదలుపెట్టి, పిక్క వెలుపలి వైపుగా మోకాలి పైన జానెడు లోపు వరకు తీసుకెళ్లి, చర్మం మీద నీరు పలుచని పొరలా పరుచుకునేలా కాసేపు నిలిపి, లోపలి వైపుగా కిందికి దించుతారు. తర్వాత ఎడమ కాలికి అదే వరుస.

నీటితో మొదలైన ఈ పద్ధతి క్రమంగా ఐదు ఆధారాల మీద నిలబడింది: నీరు, ఔషధ మొక్కలు, కదలిక, సాదా ఆహారం, జీవన క్రమం. జీవన క్రమం అంటే నిద్ర, పని, ప్రార్థన, విశ్రాంతి ఒకదాన్నొకటి మింగేయకుండా రోజును దిద్దుకోవడం. మొక్కల విభాగంలో ఎండుగడ్డి పూల రాలుడును నారబట్ట సంచిలో కట్టి ఆవిరి పట్టించి నొప్పి కీళ్ల మీద వెచ్చగా వేయడం ప్రసిద్ధం. మంచు పట్టిన పచ్చికలో చెప్పులు లేకుండా నడవడం కదలిక కిందికి వస్తుంది. వైద్యులతో వైరం కూడా కాలక్రమంలో సర్దుకుంది. ఆయన పద్ధతిని ఆచరించే వైద్యులు 1894లో సంఘంగా ఏర్పడి, పట్టా ఉన్న చేతుల్లోకి దాన్ని తీసుకువచ్చారు. క్నైప్ 1897 జూన్ 17న ఈ ఊళ్లోనే మరణించాడు. ఆయన పద్ధతిని జర్మనీ 2015లో తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

రోగిగా వచ్చి చికిత్సకుడిగా వెళ్లినవారిలో బెనెడిక్ట్ లస్ట్ ముఖ్యుడు. అమెరికాలో జబ్బుపడి స్వదేశమైన జర్మనీకి తిరిగివచ్చి వోరిస్‌హోఫెన్‌లో కోలుకున్న ఈ యువకుడు 1896లో క్నైప్ ప్రతినిధిగా అమెరికా వెళ్లి, 1901లో న్యూయార్క్‌లో ప్రకృతి చికిత్సా పాఠశాల తెరిచాడు. ఇదే జర్మన్ ఉద్యమపు మరో పాయ తెలుగు నేలకు కూడా చేరింది. లైప్‌జిగ్ నగరంలో తొట్టి స్నానాలతో, ముఖ్యంగా నడుము భాగాన్ని చన్నీటిలో ఉంచి రుద్దే కటి స్నానంతో చికిత్స చేసిన లూయీ కూనే గ్రంథాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ 1894లో తెలుగులోకి తెచ్చారని భారతీయ ప్రకృతి చికిత్సా చరిత్రలు నమోదు చేశాయి. గాంధీజీ కూనే, అడాల్ఫ్ యుస్ట్ పుస్తకాలు చదివి మట్టి పట్టీలు, కటి స్నానాలు తన మీద, తనవారి మీద ప్రయోగించి, 1946లో పూనా దగ్గర ఉరుళీకాంచనంలో ప్రకృతి చికిత్సాశ్రమం నెలకొల్పాడు. హైదరాబాదులో డాక్టర్ బి. వెంకటరావు స్థాపించిన ప్రకృతి చికిత్సాలయం, దానికి అనుబంధంగా 1970ల నాటికి ఏర్పడిన కళాశాల ఈ విద్యను డిగ్రీ స్థాయిలో బోధించిన తొలి సంస్థల్లో లెక్కకు వస్తాయి. నేడు ఈ డిగ్రీకి నాలుగున్నరేళ్ల చదువు, ఒక ఏడాది ఆసుపత్రి శిక్షణ అవసరం; శరీర నిర్మాణం, శరీర ధర్మం, రోగ నిర్ధారణ అందులో పాఠ్యాంశాలు.

చన్నీటి గురించి ఆధునిక పరిశోధన చెప్పేది క్నైప్ అనుచరుల ఆశలకంటే తక్కువ, విమర్శకుల కొట్టివేతకంటే ఎక్కువ. నెదర్లాండ్స్‌లో 3,018 మంది మీద జరిగి 2016లో ప్రచురితమైన అధ్యయనంలో, వేన్నీళ్ల స్నానం చివర 30 నుంచి 90 సెకన్ల పాటు చన్నీళ్లు పోసుకున్నవారు అనారోగ్యం పేరుతో పనికి సెలవు పెట్టడం 29 శాతం తగ్గింది. జబ్బుగా ఉన్న రోజుల సంఖ్యలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కఠిన వ్యాయామం తర్వాత చన్నీటి తొట్టెలో కూర్చుంటే కండరాల నొప్పి కొంత తగ్గుతుందని సమీక్షలు తేల్చాయి గాని, బరువులెత్తే సాధన తర్వాత ప్రతిసారీ పది నిమిషాలు అలా కూర్చున్నవారిలో కండరాల పెరుగుదల తగ్గిందని 2015లో ప్రచురితమైన ఒక ప్రయోగం చూపింది. దూరపు పరుగుగాళ్లు మంచు నీటి తొట్టెలను వీరత్వానికి గుర్తుగా తీసుకుంటున్న ఈ కాలంలో, ‘కొద్దిగా, కొద్దిసేపు, వేడి ఒంటి మీద’ అన్న వోరిస్‌హోఫెన్ నియమాల విలువ మరింత పెరిగింది.

డిల్లింగెన్ నుంచి వోరిస్‌హోఫెన్ వరకు చేసే యాత్ర ఇచ్చే తీర్పు ఇది: సొంత శరీరం మీద నేర్చిన ఓర్పు ప్రకృతి చికిత్సకు మంచి ప్రవేశద్వారమే గాని, అర్హత పత్రం కాదు. పరుగు నుంచి ఈ రంగంలోకి రావాలనుకునే తెలుగు యువతీ యువకులు ఆ ఉత్సాహాన్ని గుర్తింపు ఉన్న కళాశాలలో పూర్తి చదువుగా మార్చుకోవాలి. తమకు పడినదల్లా అందరికీ పడుతుందన్న నమ్మకాన్ని వదులుకోవాలి. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, మధుమేహం వల్ల మొద్దుబారిన పాదాలు ఉన్నవారి విషయంలో చన్నీళ్ల జోలికి పోకుండా వైద్యుని సలహా కోరాలి. రెండు వారాలకు పైగా దగ్గు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం ఉన్న మనిషి తమ దగ్గరికి వస్తే అతనికి నీళ్లు పోయకూడదు, కఫ పరీక్షకు పంపాలి. క్నైప్ కాలంలో దొరకని క్షయ మందులు నేడు మన ప్రతి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనూ ఉచితంగా దొరుకుతున్నాయి.